పేదవాడి జీతం పెరిగితే శిక్షా?

"బియ్యం ఊరికే వస్తున్నాయి, డబ్బులు ఖాతాలో పడుతున్నాయి, ఇక కూలికి ఎవరొస్తారండీ?" పెళ్లి భోజనాల దగ్గర, రైలు పెట్టెలో, టీవీ చర్చలో ఈ మాట ఒకే ధీమాతో వినబడుతోంది. 2025 ఫిబ్రవరిలో, పట్టణాల్లో నిలువ నీడ లేనివారి కేసు విచారిస్తూ సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, ఉచితాల వల్ల జనం పనికి ఇష్టపడటం లేదని, పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామేమోనని అన్నారు. ఇంచుమించు అవే రోజుల్లో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ చెన్నైలో పారిశ్రామికవేత్తల సభలో, సంక్షేమ పథకాల వల్ల నిర్మాణ కూలీలు ఊరు కదలడం లేదని చెప్పారు. అంత పెద్దవాళ్లు అనేసరికి, ఇక దానికి రుజువు అక్కర్లేదని అందరూ అనుకుంటున్నారు.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెబుతాను. పనికి నిజంగా గొడ్డలిపెట్టు లాంటిది మన ప్రభుత్వాల నిబంధనల్లో ఒకటుంది. సాయం ఇవ్వడంలో కాదు, దాన్ని ఆపే తీరులో ఉంది. అందరూ సోమరితనం గురించి మాట్లాడుతున్నంత కాలం దాన్ని పట్టించుకునేవాడు ఉండడు.

పథకాలు అందినవారు ఊరు కదలరన్నదే నిజమైతే, కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏటా ఇళ్లకు తాళాలు పడకూడదు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు ఊళ్లలో వానపంట అయిపోగానే జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. బొలెరో బండ్లలో, లారీల్లో వంటగిన్నెలు, దుప్పట్లు, చంటిపిల్లలతో సహా ఎక్కి గుంటూరు, పల్నాడు మిరప చేలకు చేరతారు. చేను గట్టున పట్టా కప్పిన గుడిసె వేసుకుంటారు. మంచు పడే వేళ మొదలుపెట్టి పొద్దు వాలేదాకా నడుం వంచి కాయ కోస్తారు. ఆ ఘాటుకు వేళ్లు మండుతుంటే ఆ చేత్తో అన్నం కలుపుకోవడం కూడా కష్టమే. ఊళ్లో మిగిలేది పింఛను ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు. ఈ కుటుంబాల్లో చాలామందికి బియ్యం కార్డు ఉంది, ఉపాధి హామీ జాబు కార్డు ఉంది, పిల్లల చదువు డబ్బు కూడా వస్తుంది. అయినా పోతున్నారు. బండిలో వాళ్లతో పాటు ఎక్కే మూటలో ఉన్నది కంట్రోలు బియ్యమే. అవి ఉన్నందువల్లే మొదటి వారం కూలి చేతికందేలోగా తిండికి మేస్త్రీ దగ్గర అప్పు చేయాల్సిన పని తప్పుతోంది. పని దగ్గరికి నడిపించుకుపోతున్న బియ్యాన్ని పట్టుకుని పని మాన్పిస్తున్న బియ్యమంటే ఎలా?

కొంచెం వెనక్కి వెళ్దాం. కిలో రెండు రూపాయల బియ్యం ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో మొదలుపెట్టింది. సోమరితనం గురించిన ఈ భయం కూడా అప్పటిదే. తర్వాత ధర మారింది, పరిమాణం మారింది గానీ చౌక బియ్యం మాత్రం కొనసాగింది. 28 ఏళ్ల తర్వాత, 2011 జనగణనలో దేశం మొత్తం మీద జనాభాలో పనిచేసేవారు 39.8 శాతం ఉంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 46.6 శాతం ఉన్నారు. ఆడవాళ్లలో తేడా ఇంకా పెద్దది: దేశంలో 25.5 శాతం, మన దగ్గర 36.2 శాతం. బియ్యం వల్లే పని పెరిగిందని నేను వాదించడం లేదు. ఒక తరమంతా చౌక బియ్యం తిని పెరిగిన రాష్ట్రం దేశ సగటును మించి పనిచేసిందన్నది మాత్రం లెక్కల్లో ఉంది. సోమరితనం సిద్ధాంతం నిజమైతే ఈ అంకెలు తలకిందులుగా ఉండాలి.

పరిశోధకులు కూడా ఈ ప్రశ్నను గట్టిగానే పరీక్షించారు. నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ, రెమా హన్నా, గాబ్రియెల్ క్రైండ్లర్, బెంజమిన్ ఓల్కెన్ కలిసి ఆరు దేశాల్లో ఏడు నగదు బదిలీ పథకాల ఫలితాలను మళ్లీ విశ్లేషించి 2017లో ప్రచురించారు. డబ్బు అందుకున్నవారు పని తగ్గించారనడానికి స్థిరమైన ఆధారం ఎక్కడా దొరకలేదు. మన దేశంలోనే మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' సంస్థ యూనిసెఫ్ తోడ్పాటుతో 2011, 2012 ప్రాంతంలో ఇంటిల్లిపాదికీ ఏ షరతూ లేకుండా నెలనెలా నగదు ఇచ్చి చూసింది. అక్కడ కూలిపని వదిలి సొంత పొలం మీద, సొంత పశువుల మీద పనిచేసుకునేవారు పెరిగారు. ఇతరుల పొలానికి రాని మనిషి తన పొలంలో ఉన్నాడేమో చూడకుండా సోమరి అనేస్తే అది అన్యాయం.

అసలు ఇచ్చేది ఎంతని? బియ్యం తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు, ఆంధ్రప్రదేశ్‌లో 5 కిలోలు. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. నూరు రోజులూ దొరికితే కుటుంబానికి ఏడాదికి 30,700. దేశం మొత్తం మీద చూస్తే ఒక్కో కుటుంబానికి సగటున దొరుకుతున్న పని అందులో సగం చుట్టూనే ఉంటోంది. ఇంటద్దె, నూనె, పప్పు, గ్యాసు బండ, పిల్లాడి జ్వరం, చెల్లెలి పెళ్లి ఈ డబ్బుతో వెళ్లిపోతాయని నమ్మేవారు ఒక్క నెల ఆ లెక్కతో ఇల్లు నడిపి చూడాలి. ఇక పింఛన్ల సంగతి. అవి ఎక్కువగా వెళ్లేది వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు. డెబ్బై ఏళ్ల ముసలమ్మను నాట్లకు రమ్మని ఎవరు పిలుస్తారు?

రైతుల గోడు మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నాట్ల వేళ, పత్తి ఏరే వేళ కూలీలు దొరక్క రైతు పడే యాతన నిజం. దొరికినా అడిగే కూలి పంట ధరకు సరిపడదు. అయితే ఊళ్లో మనుషులు తగ్గిన కారణం ఇంటింటికీ అడిగితే తేలిపోతుంది. ఒకింటి కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు, ఇంకొకడు ఆటో నడుపుతున్నాడు, కూతురు డిగ్రీ చదువుతోంది. నాట్లు అందరికీ ఒకే పదిహేను రోజుల్లో పడాలి. ఆ పదిహేను రోజుల కోసం ఏడాదంతా ఖాళీగా కాచుక్కూర్చునే మనుషులు ఇదివరకు ఊళ్లో ఉండేవారు, ఇప్పుడు లేరు. ఆ ఖాళీలోకే బెంగాల్, బీహార్ ముఠాలు వచ్చి గుత్తకు నాట్లు వేస్తున్నాయి. వాళ్ల రాష్ట్రాల్లోనూ రేషను ఉంది. వందల మైళ్లు దాటి వచ్చేది కూలి గిట్టుబాటైనందుకే. రైతుకు గిట్టుబాటు ధర రాకపోవడం మన వ్యవసాయానికి పట్టిన రోగం. ఆ కోపాన్ని అంతకన్నా బీదవాడి మీద తీర్చుకుంటే రోగం నయం కాదు.

అయినా ఈ వాదన చట్టంలోకే చొరబడింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీకి బదులుగా 2025 డిసెంబరులో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టం, పనిదినాలు 125 అంటూనే, విత్తే కాలంలో, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల వరకూ పనులు ఆపే ఏర్పాటు పెట్టింది. ఉపాధి పని ఉంటే పొలానికి రారన్న అనుమానమే దానికి మూలం. ఆ రోజుల్లో పొలం పని దొరకని మెట్ట ప్రాంతపు ఒంటరి మహిళ ఎక్కడికి పోవాలి? కూలి ఎంతిస్తారని గట్టిగా అడగడానికి ఉన్న ఒక్క ఆసరా తీసేశాక ఆమె ఎంతిస్తే అంతకు ఒప్పుకోవాల్సిందే.

ఉచిత బస్సు మీద వినబడే ఎకసెక్కాలు మరీ బాధ కలిగిస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఊరికే తిరుగుతున్నారని అనేవారు పట్నం వైపు వెళ్లే తెల్లవారుజాము పల్లెవెలుగు ఎక్కాలి. కాళ్ల దగ్గర తోటకూర కట్టల గోతాం, ఒళ్లో పూలబుట్ట, చేతిలో సద్దిగిన్నె. జీరో టికెట్ తీసుకుని మడిచి కొంగున ముడివేసుకునే ఆ ఆడవాళ్లలో నాలుగిళ్లలో అంట్లు తోమేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్లలో మెట్లు కడిగేవాళ్లున్నారు, అడ్డా మీద నిలబడి మేస్త్రీ పిలుపు కోసం చూసేవాళ్లున్నారు. రానూపోనూ చార్జీ రోజు కూలిలోంచి పోయినప్పుడు దూరపు పని వాళ్లకు గిట్టేది కాదు, ఇప్పుడు గిడుతోంది. అంగన్‌వాడీ అయినా, బడిలో మధ్యాహ్న భోజనమైనా చేస్తున్నది ఇదే: తల్లికి పనికెళ్లే వీలు కల్పించడం.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు, పిల్లల చదువుకు డబ్బిచ్చే తల్లికి వందనం లాంటి పథకాలకు పల్లెలో కుటుంబం నెల ఆదాయం 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపే ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. ఊళ్లలో ఇలాంటి షరతులన్నిటినీ కలిపి ఆరంచెల వడపోత అంటారు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఏడాది ఆదాయ పరిమితి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. ఈ గీతలన్నిటికీ స్వభావం ఒకటే. గీతకు ఇవతల ఉంటే మొత్తం సాయం, ఒక్క రూపాయి అవతలికి పోతే మొత్తం రద్దు.

ఒక పల్లె కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి రైసు మిల్లులో గుమస్తా, జీతం 9,500. తల్లి ఇంటి దగ్గరే ఉండి ఇద్దరు బడిపిల్లల్ని చూసుకుంటుంది. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు చేతికొచ్చేది 13 వేలు, మొత్తం 26 వేలు. నలుగురికీ నెలకు 20 కిలోల బియ్యం. మిల్లు యజమాని పనితనం మెచ్చి జీతం 800 పెంచుతానన్నాడు. ఏడాదికి 9,600 లాభం. జీతం 10,300 అయి గీత దాటింది కాబట్టి 26 వేలు పోతాయి, బియ్యమూ పోతాయి. రూపాయి ఎక్కువ సంపాదించినందుకు దాదాపు రెండు రూపాయల 70 పైసలు పోగొట్టుకోవాలి, బియ్యం లెక్క దానికి అదనం. ఆ తండ్రి "పెంచొద్దు సార్" అంటాడు. లేదా "పెంచిన ముక్క చేతికివ్వండి, కాగితం మీద రాయొద్దు" అంటాడు. అతన్ని సోమరి అనగలమా? అతను చేసింది కుటుంబాన్ని కాపాడుకునే లెక్క.

గమనించండి, ఈ గీత అన్ని సంపాదనలకూ ఒకేలా తగలదు. రోజుకూలి పెరిగితే ఏ కంప్యూటరుకూ తెలియదు. తెలిసేది బ్యాంకులో పడే జీతం, పీఎఫ్ ఖాతా, కరెంటు మీటరు. అంటే శిక్ష పడుతున్నది రాతకోతల్లోకి వచ్చిన పనికి. ఏ పని మనిషిని బీదరికం నుంచి శాశ్వతంగా బయటపడేస్తుందో సరిగ్గా ఆ పనికే. పొరుగుసేవల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన సంస్థ ఆప్కాస్ జాబితాలో పేరెక్కినందుకు పథకాలు పోయాయని పొరుగుసేవల ఉద్యోగులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ఇంట్లో రెండు మోటారు కుట్టు మిషన్లు, ఫ్రిజ్జు పెట్టి చిన్న వ్యాపారం చేద్దామనుకున్న అమ్మాయికి 300 యూనిట్ల భయం. కొడుక్కి ఉద్యోగం రాగానే కార్డు విడగొట్టుకోవాలని అత్తామామలు సచివాలయం చుట్టూ తిరుగుతారు. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ కూడా ఇంతే. జీతం నెలకు 21 వేలు దాటితే కొంత కాలానికి ఆ వైద్యం పోతుంది. ఆ పరిమితి 2017 జనవరిలో పెట్టింది.

గీత ఎక్కడ గీశారో చూస్తే ఇంకా కోపం వస్తుంది. ప్రభుత్వమే నిర్ణయించిన ఉపాధి కూలి 307. భార్యాభర్తలిద్దరూ ఆ కూలితో నెలకు 26 రోజులు పనిచేస్తే 15,964 రూపాయలు. పల్లె పరిమితి 10 వేలు. ఆ గీత లోపల ఉండాలంటే ఇద్దరూ చెరి 16 రోజులకు మించి పనిచేయకూడదు. మిగతా రోజులు ఖాళీగా ఉండాలని మన నిబంధనే చెబుతోంది, ఆ తర్వాత ఖాళీగా ఉన్నారని మనమే తిడుతున్నాం. ఆ 10 వేల గీత 2019-20 నాటిది. అప్పుడు ఉపాధి కూలి రోజుకు 211. కూలి 307కు చేరినా, 2025 జూన్‌లో ఇచ్చిన తల్లికి వందనం మార్గదర్శకాల్లో గీత అక్కడే ఉంది.

ఇలాంటి గీత గీసేటప్పుడు జాగ్రత్తపడటం మన ప్రభుత్వాలకు తెలియదా? బాగా తెలుసు. 2025 కేంద్ర బడ్జెట్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఇచ్చి పన్ను లేకుండా చేసింది. ఒకాయనకు 12 లక్షల 10 వేలు వచ్చిందనుకుందాం. రిబేటు పోతుంది, శ్లాబుల ప్రకారం 61,500 పన్ను పడాలి. పది వేలు ఎక్కువ వచ్చినందుకు అరవై వేలు కట్టించడం అన్యాయమని చట్టమే గుర్తించి మార్జినల్ రిలీఫ్ పెట్టింది. సెస్సు పక్కనబెడితే ఆయన కట్టేది 10 వేలే. గీత దాటిన సొమ్ము కన్నా పన్ను ఎక్కువ కాకూడదన్నది అక్కడి సూత్రం. మంచి సూత్రం, నేను మెచ్చుకుంటాను. నెలకు లక్ష సంపాదించేవాడికి ఆ రక్షణ ఉంది. నెలకు పది వేలు సంపాదించేవాడికి లేదు. ఇంతకన్నా సూటిగా ఈ అన్యాయాన్ని చెప్పడం నాకు చేతకాదు.

అమెరికాలో మన బంధువులు చాలామంది ఏటా రిటర్నులు వేస్తారు, వాళ్లను అడిగినా చెబుతారు. అక్కడ 1975 నుంచి తక్కువ సంపాదన ఉన్న కుటుంబాలకు ఒక పన్ను క్రెడిట్ ఉంది. కట్టాల్సిన పన్ను లేకపోయినా ఆ సొమ్ము చేతికొస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి మొదట్లో సంపాదించే ప్రతి డాలరుకూ 40 సెంట్లు కలుస్తాయి. సంపాదన ఒక మట్టం దాటాక డాలరుకు 21 సెంట్ల చొప్పున మెల్లగా తగ్గుతుంది. ఎక్కడా ఒక్కసారిగా తెగిపోదు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమనను. పని దొరకని మనిషికి అది ఏమీ ఇవ్వదు, రాతపూర్వక జీతం తక్కువమందికి ఉన్న మన దేశంలో అది అందేది కొద్దిమందికే. మెల్లగా తగ్గించే ఆ పద్ధతి మాత్రం నేర్చుకోదగింది.

ఖజానా సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అప్పులు పెరుగుతున్నాయా, ఆసుపత్రులకు, సాగునీటికి డబ్బు మిగులుతోందా, ఏ పథకం అవసరం, ఏది ఓటు కోసం పెట్టిందన్న చర్చ జరగాల్సిందే, ఆ చర్చలో నేనూ కూర్చుంటాను. పథకం దండగని తేలితే దాన్ని దండగ అనే తీసేయండి. లబ్ధిదారుల మీద సోమరులన్న నింద వేసి తీసేయొద్దు. వాళ్ల చేతుల మీదుగానే మన గోడలు లేస్తున్నాయి, మన కారం ఎండుతోంది, మన పిల్లల బడి శుభ్రంగా ఉంటోంది.

రెండు రాష్ట్రాల శాసనసభ్యులకూ ఒక విన్నపం. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ మూడూ అడగండి. ఆదాయం గీత దాటిన కుటుంబానికి, పన్ను చెల్లింపుదారుకు ఇచ్చినట్టే, దాటిన సొమ్ముకు మించి సాయం కోత పడకూడదు. రాతపూర్వక ఉద్యోగంలో చేరినవారి కార్డును కనీసం మూడేళ్లు తీయకూడదు. పదివేల గీతను ఏటా ఉపాధి కూలితో పాటు పెంచాలి. ఈ వ్యాసం చదివినవారు కూడా, కూలికి ఎవరూ రావడం లేదన్న మాట ఈసారి మీ ముందు ఎవరైనా అన్నప్పుడు, ఎంత కూలి ఇస్తామన్నారో ముందు అడగండి.